పట్టిసం లాంచీ

మర్యాద అంటే నాకు రోత. ఈ మాట అంటే మా కోడలు నవ్వుతుంది. "అందరినీ గారు, గారు అని పిలిచేది మీరే కదండీ" అంటుంది. పిలుస్తాను. అలవాటైపోయింది. ఆ అలవాటు ఎప్పుడైందో కూడా నాకు బాగా గుర్తు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, కార్తీకమాసంలో, మా లాంచీ పట్టిసం దారి పట్టిన ఆ నాలుగు వారాల్లో నాకు మర్యాద నేర్పారు. నేనూ బుద్ధిగా నేర్చుకున్నాను.

అంతకుముందు మా లాంచీ పేరు పెద్దింట్లమ్మ. కొల్లేటి లంకల వాళ్ళందరికీ ఆ తల్లే దిక్కు కనక మా మావ ముసలయ్య ఆ పేరు పెట్టాడు. ఆయన గెడ వేసి దోనె నడిపిన రోజుల్నించీ మా ఇంటి బతుకు ఒకటే. లంకల మనుషుల్నీ వాళ్ళ చేపల తట్టల్నీ పొద్దున్నే ఏలూరు చేర్చడం, సాయంత్రం మనుషుల్నీ ఖాళీ తట్టల్నీ తిరిగి తేవడం. మా ఆయన జోగయ్య చేతికి పని వచ్చాక దోనె పోయి ఆయిలింజను లాంచీ వచ్చింది.

ఇంజను వచ్చినా మావ పెట్టిన కట్టడి ఒకటి మారలేదు. ఏ లంకలోనైనా ప్రాణం మీదికొస్తే గట్టున గెడ పాతి తెల్లగుడ్డ కడతారు. పొద్దుగూకితే ఆ గెడకే లాంతరు కట్టి పైకీ కిందకీ ఆడిస్తారు. చూసిన పడవ ఆగాలి. ఎవరని అడక్కూడదు, కూలి పుచ్చుకోకూడదు. ఈ మాట చెప్పేటప్పుడు మావ గొంతు కూడా పెంచేవాడు కాదు. అన్నం కుడిచేత్తో తినాలి అని పిల్లలకి చెప్పినట్టు చెప్పేవాడు.

దసరా వెళ్ళిన వారానికి తాడేపల్లిగూడెం నించి పాండురంగారావు వచ్చాడు. బియ్యం మిల్లు ఆసామి. మా అరుగు మీద నేను చాప వేస్తే దాని మీద కూచోలేదు. చంకలోంచి తువ్వాలు తీసి, చాప మీద పరుచుకుని, అప్పుడు కూచున్నాడు. "ఏమీ అనుకోకండమ్మా, నాకు కాస్త నడుం పట్టండి" అన్నాడు. నడుం పట్టుకీ తువ్వాలికీ ఏం సంబంధమో అప్పుడు నాకు తట్టలేదు. మంచినీళ్ళిస్తే కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. వెళ్ళేదాకా ఆ గ్లాసు అలాగే ఉంది.

"ఎంతకాలమని ఈ బురదలో తిప్పుతారండీ జోగయ్యగారూ? కాస్త ఉత్తరానికి చూడండి" అన్నాడు. "ఏలూరు లాకులెక్కితే పెద్ద కాలవ. మా గూడెం, నిడదవోలు, విజ్జేశ్వరం. అక్కడ లాకు దాటితే గోదావరే కదండీ. కార్తీక సోమవారాలకి పట్టిసం వేద్దాం. అది కుదిరితే పోలవరం, పాపికొండలు. నవమికి భద్రాచలం. జనం లేరనుకున్నారా? జనం ఉన్నారండీ, మంచి లాంచీ లేదు."

మా ఆయన్ని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ గారు అనలేదు. ఆ ఒక్క మాటకి కొరమీను గాలానికి పడ్డట్టు పడ్డాడు. నేనూ పడ్డాను, ఎందుకు దాచాలి. ఆయన గారు అయితే నేను గారి పెళ్ళాన్ని కదా.

పాండురంగారావు పెట్టిన షరతులు మూడే. లాంచీలో ఇక చేపల తట్ట ఎక్కకూడదు. ఆడ యాత్రికులకి సాయంగా ఉండటానికి నేను కూడా లాంచీ మీద రావాలి. పేరు మార్చాలి. పట్టిసం వీరేశ్వరస్వామి పేరైతే చెవికింపుగా ఉంటుందన్నాడు.

చేపల జిడ్డు పోవాలని బల్లలన్నీ సున్నం వేసి తోమాం, కుంకుడు రసం పోశాం, ఆఖర్న మా ఆయన ఏలూరు నించి పన్నీరు తెచ్చి చల్లాడు. మూడూ కలిసి, చచ్చిన చేపకి పెళ్ళి చేసినట్టు ఒక వాసన తేలింది. దాని మీద పచ్చరంగు. పెద్దింట్లమ్మ అన్న అక్షరాల మీదుగా కుంచె పోతుంటే మావ గట్టున కూచుని చూశాడు.

"అమ్మ పేరు మీదే పూస్తున్నావట్రా?"

"పేరు లోపలుంటుంది నాన్నా. పైన రంగేగా" అన్నాడు మా ఆయన.

సాయంత్రానికి 'శ్రీ వీరేశ్వర విలాస్ లాంచి సర్వీస్' అని ఎర్రటి అక్షరాలు తేలాయి.

మర్నాడు పొద్దున్నే అచ్చమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని రేవులోకి వచ్చింది. ఆవిడది మా పక్క రెల్లులంక. మా అత్త పోయినప్పుడు మా ఆయనకి ఐదేళ్ళు. రెండేళ్ళపాటు తన పిల్లలతో పాటు అన్నం పెట్టి పెంచింది అచ్చమ్మే. ఆ చనువుతో ఒరే అనేది. లాంచీలో ముందు బల్ల ఆవిడది. అక్కడ తట్ట దింపి, వక్క నములుతూ, ఏలూరు చేరేదాకా ఎవరో ఒకరిని ఆడిపోసుకుంటూ కూచునేది. ఆ రోజు వెనకాలే కూతురు నరసమ్మ కూడా ఉంది, ఎనిమిదో నెల కడుపుతో, నడుం మీద చెయ్యేసుకుని.

"ఏరా జోగీ, నీ లాంచీకి పెళ్ళేంట్రా?" అంది అచ్చమ్మ.

మా ఆయన తల గోక్కున్నాడు. "పిన్నీ, ఇక తట్టలెక్కించటం లేదు. యాత్రల సర్వీసు పెడుతున్నాం. దోనెలున్నాయిగా, వాటి మీద..."

అచ్చమ్మ నెత్తి మీద తట్ట దించలేదు. రంగుకేసి ఒకసారి చూసింది. "తట్టకేముందిలే, దోనె మీదే పోతాను. నా పిల్ల సంగతి చెప్పు. కార్తీకంలో నెలలు నిండుతాయి. లోపల బిడ్డ అడ్డంగా ఉందంట. నొప్పులొచ్చాయంటే మంత్రసానిని నమ్ముకోవద్దు, వెంటనే ఏలూరు తెచ్చెయ్యమంది డాక్టరమ్మ. రెల్లులంక నించి దోనె మీద ఎంతసేపో నీకు తెలియంది కాదు."

తెలుసు. నాచులో, తూడులో గెడ వేసుకుంటూ పోతే రాత్రంతా పడుతుంది. లాంచీకి రెండు గంటలు.

"అదేం మాట పిన్నీ? దీపం కనబడితే ఆపనా?" అని మా ఆయన రేవు మెట్టు దిగి, కుడిచెయ్యి మణికట్టుదాకా నీళ్ళలో పెట్టాడు. కొల్లేట్లో ఒట్టంటే అదే. చెయ్యి నీళ్ళలో పెట్టి చెప్పిన మాట తప్పినవాడికి ఆ నీళ్ళు అన్నం పెట్టవంటారు.

నరసమ్మ నవ్వింది. "విలాస్ అంటే ఏంటి మంగక్కా?" అని నన్నడిగింది.

"ఏమోనే. గొప్పదే అయ్యుంటుంది" అన్నాను.

మొదటి శనివారం కొల్లేటి దక్షిణపు గట్టున యాత్రికుల్ని ఎక్కించుకున్నాం. అందరూ పెద్ద పెద్ద మాగాణి రైతుల ఇళ్ళవాళ్ళు. వాళ్ళకి పెద్ద రాజేశ్వరమ్మ. అరవై ఎకరాల ఆసామి భార్య. ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగ్గా నేను వినలేదు. తులసికోటలో ఒత్తి వెలిగించినట్టు మాట్లాడేది. లాంచీ ఎక్కుతూనే ముక్కు దగ్గరికి కొంగు తీసుకెళ్ళి, నేను చూస్తున్నానని మళ్ళీ దించి, "ఎంత శుభ్రంగా ఉంచారండీ!" అంది. వాళ్ళ బియ్యం, వాళ్ళ గిన్నెలు, వాళ్ళ నీళ్ళ బిందెలు వాళ్ళవే. నేను వాళ్ళ చాపలు పరవాలి, వేణ్ణీళ్ళు కాచే పొయ్యి రాజెయ్యాలి. నీళ్ళు మాత్రం ముట్టుకోకూడదు. ఆ మాట కూడా ఎంత మెత్తగా చెప్పారని! "మీకెందుకమ్మా శ్రమ, మేం పోసుకుంటాం" అన్నారు. అది ప్రేమ అనుకుని మురిసిపోయాను. అంత వెర్రిదాన్ని.

లెక్క ఏమిటంటే, శనివారం రాత్రి ఎనిమిదింటికి ఏలూరు లాకు తలుపులు మూసేలోపు మేము పెద్ద కాలవలోకి ఎక్కాలి. ఎక్కితే ఆదివారమంతా నడిచి, సోమవారం తెల్లవారుజామున పట్టిసం రేవులో మునకలు. లాకు తప్పితే తెల్లారేదాకా ఏలూరు దోమల మధ్య పడుండాలి. సోమవారం సూర్యోదయపు స్నానం పోయినట్టే.

ఆ శనివారమే నడి కొల్లేట్లో ఒక లంక గట్టున తెల్లగుడ్డ కనబడింది. మా ఆయన ఆపాడు. ముసలాయన ఒకడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. కొడుకులిద్దరూ వల దగ్గర్నించి లేచొచ్చినట్టున్నారు, చేతులకి పొలుసు ఇంకా మెరుస్తోంది. ఎక్కించుకున్నాం. లాంచీ కదిలిన కాసేపటికి ఆ ముసలాయన పచ్చరంగు బల్లల మీద వాంతి చేసుకున్నాడు.

ఎవరూ ఒక్క పరుషమాట అనలేదు. అంటే బాగుండేది. "పాపం, పాపం" అన్నారు అందరూ. పాపం అంటూనే చాపలు చుట్టుకుని, తులసి కుండ తీసుకుని, లాంచీ ఆ చివరికి జరిగిపోయారు. రాజేశ్వరమ్మ కార్తీకపురాణం పుస్తకం మూసి, "ప్రాణం కదండీ, మనం కాదనకూడదు. కాని మాకు మడి కదా, ఇప్పుడెలాగండీ?" అని మా ఆయన్నే సలహా అడిగింది. నేను వాంతి కడిగాను. కడుగుతుంటే, ముసలాయన కొడుకుల మీద నాకు కోపం వచ్చింది. పొలుసు కడుక్కునైనా ఎక్కకూడదా అనిపించింది. పదేళ్ళు చేపలు తోమిన చెయ్యి నాది. ఆ చేత్తో గుడ్డ పిండుతూ అలా అనుకున్నాను.

లాకు తప్పింది. సోమవారం పట్టిసం చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. పాండురంగారావు ముందే వచ్చి రేవులో ఉన్నాడు. రాజేశ్వరమ్మ ఆయనతో, నా ముందే అంది.

"మాకేం లేదండీ. వాళ్ళ ధర్మం వాళ్ళది. పై వారం మాత్రం మా మరిది బస్సు మాట్లాడతానంటున్నాడు."

ఆయన మా ఆయన్ని ఇసకలోకి తీసుకెళ్ళి, భుజానికి రెండంగుళాల దూరంలో చెయ్యి ఆడిస్తూ చాలాసేపు మాట్లాడాడు. "ధర్మం మంచిదే అండీ. ధర్మానికీ వేళ ఉంటుంది కదండీ" అన్న ముక్క మాత్రం నా చెవిన పడింది.

ఆ రోజు నించీ మా ఆయన రోజుకి నాలుగుసార్లు అరచేతులు వాసన చూసుకునేవాడు. ఇంట్లో నెల్లాళ్ళు చేప వండొద్దన్నాడు. అప్పటిదాకా నేను ఆయన్ని ఏవయ్యా అని పిలిచేదాన్ని. "నలుగురిలో ఏవండీ అను మంగా. బాగుంటుంది" అన్నాడు. నిజంగానే బాగుంది. మొదట్లో నవ్వొచ్చేది, రెండోరోజుకి పోయింది.

ఆ ముసలాయన బతికాడు. ఏలూరులో కడుపు కోసి ఏదో తీశారట. వారం తిరక్కుండా కొడుకులు రెండు కొరమీనులు పట్టుకొచ్చి మా గుమ్మంలో పెడితే, కార్తీకమని మా ఆయన పుచ్చుకోలేదు. మావ పుచ్చుకున్నాడు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి తనే వండుకుని, కూర మొత్తం మా ఎదురుగా కూచుని తిన్నాడు.

రెండో వారం ఏ అడ్డూ లేదు. లాకు వేళకి దాటాం. చీకటుండగానే పట్టిసం చేరాం. నది మధ్య కొండ మీద గుడి, కింద నీళ్ళలో అరటిదొప్పల్లో దీపాలు. రాజేశ్వరమ్మ నా చేతికి కూడా ఒక దొప్ప ఇచ్చింది, పైనించి జారవిడిచి. నేను అందుకుని కళ్ళకద్దుకున్నాను. ఏం కోరుకున్నానో చెబితే మీరు ఉమ్మేస్తారు. ఈ సర్వీసు నిలబడాలి తల్లీ, నేను ఎప్పటికీ ఇలాగే చక్కటి చీర కట్టుకుని తిరగాలి అని కోరుకున్నాను.

మూడో శనివారం సందెవేళ.

కొల్లేరు నిండుగా ఉంది. గాలి లేదు. ఇంజను పొగ గొట్టం మీద నిలువుగా లేస్తోంది. యాత్రికులు పొద్దున్నించీ ఉపవాసం, నక్షత్రం చూసి తినాలని ఆకాశంకేసి చూస్తున్నారు. ఎడమవైపు, ఒక అర మైలు దూరంలో రెల్లులంక నల్లగా కనిపిస్తోంది. దాని కొసన దీపం వెలిగింది.

"అదుగో ఆకాశదీపం!" అంది రాజేశ్వరమ్మ. "చూశారా, ఈ లంకల్లో కూడా ఎంత భక్తో!"

అందరూ లేచి నిలబడి అటు తిరిగి చేతులు జోడించారు. ఎవరో దామోదర నామం ఎత్తుకున్నారు. నేనూ అలవాటుగా చేతులు జోడించాను. దీపం పైకి వెళ్ళింది. కిందకి దిగింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

కార్తీకంలో ఆకాశదీపం గెడకి వేలాడేస్తారు, ఎక్కడ కట్టింది అక్కడే ఉంటుంది. పైకీ కిందకీ ఆడేది ఒక్కటే. అది కొల్లేట్లో పుట్టిన పసిపిల్లలకి కూడా తెలుసు. జోడించిన చేతులు నా మొహం ముందు అలాగే ఉండిపోయాయి. అప్పుడు రాజేశ్వరమ్మ అంది, ఎప్పటిలాగే మెత్తగా.

"కాస్త ఊగుతున్నట్టుందేమండీ?"

చుక్కాని దగ్గర్నించి మా ఆయన తిరక్కుండానే అన్నాడు. "గాలండీ."

"అంతేలెండి" అని ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ మూసుకోవటం నేను చూశాను. నిద్రొచ్చిన మనిషి మూసుకున్నట్టు కాదు, కారం నూరేవాళ్ళు మూసుకున్నట్టు గట్టిగా మూసుకుంది.

నేను చుక్కాని దగ్గరికి వెళ్ళాను.

"ఏవండీ. అది రెల్లులంక."

"తెలుసు."

"దీపం ఆడుతోంది."

"ఆకాశదీపం."

"ఆడుతోందండీ. గాలి లేదు."

మా ఆయన ఎదురుగా నీళ్ళకేసి చూస్తున్నాడు. అరచెయ్యి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చుక్కాని మీద వేశాడు. "నరసమ్మకి ఇంకా పదిరోజులుంది. మొన్న పిన్నే చెప్పింది" అన్నాడు.

ఎవరి దీపమని నేను అడగలేదు. పేరు ఆయనే చెప్పాడు.

"ఈసారి కూడా లాకు తప్పితే అంతా పోతుంది మంగా. పురిటి మనిషంటే వీళ్ళకి మైల. ఒక్కళ్ళు మిగలరు" అన్నాడు. "వెళ్ళు. ఆడవాళ్ళకి పొయ్యి రాజెయ్యి" అన్నాడు.

నేను అరిచి ఉండొచ్చు. ఏవయ్యా అని పిలిచే రోజుల్లో అయితే అరిచేదాన్నే, చుక్కాని లాక్కునేదాన్ని కూడా. ఏవండీ అంటూ అరవటం కుదరదు. వెళ్ళి పొయ్యి రాజేశాను. ఇంజను చప్పుడు ఎక్కడా తగ్గలేదు.

పొయ్యి ముందు కూచుని వెనక్కి చూశాను. చాలాసేపు దీపం పైకీ కిందకీ ఆడుతూనే ఉంది. ఒకసారి చాలా పైకి లేచింది, గెడ పెరికి చేతులతో ఎత్తిపట్టుకున్నారేమో. ఆ తర్వాత నిలబడిపోయింది. అచ్చం ఆకాశదీపంలాగే కదలకుండా ఉంది.

లాకు వేళకి దాటాం. పట్టిసంలో మునకలు బ్రహ్మాండంగా జరిగాయి. పాండురంగారావు మా ఆయన మెళ్ళో పూలదండ వేశాడు. భద్రాచలం సంగతి ఖాయం అన్నాడు. ఆ రోజు గోదావరిలో నేనూ మూడు మునకలు వేశాను. నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. నాకు మాత్రం ఒంటి నిండా బురద పట్టినట్టే ఉంది.

బుధవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి మావ రేవు మెట్టు మీద కూచుని ఉన్నాడు. మేము దిగాక, గింజలు ఏరి పెట్టినట్టు ఒక్కొక్క మాటే చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం నరసమ్మకి నొప్పులు మొదలయ్యాయి. శనివారం సాయంత్రం లాంచీ వస్తుందని వాళ్ళకి తెలుసు. నిబ్బరంగానే ఉన్నారు. ఇంజను చప్పుడు వినగానే మొగుడు వీర్రాజు దీపం ఎత్తాడు. లాంచీ వెళ్ళిపోయాక దోనెలో పడుకోబెట్టి వీర్రాజు గెడ వేస్తూ, అచ్చమ్మ తూడు పీకి దారి చేస్తూ బయల్దేరారు. తెల్లవారుతుండగా ఏలూరు చెట్లు కనబడ్డాయి. అప్పటికి నరసమ్మ పోయింది. బిడ్డ లోపలే ఉండిపోయింది.

మా ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు. "ఆకాశదీపం అనుకున్నాం నాన్నా. కార్తీకం కదా. అందరూ అలాగే అనుకున్నారు" అన్నాడు.

"దీపం నిలబడిందా, ఆడిందా?"

"నిలబడే ఉంది."

మావ నాకేసి తిరిగాడు. ఆ ముసలాయనకి అప్పటికి డెబ్భై దాటాయి. ఒక కంట్లో పువ్వు. రెండో కన్ను నా మీద పెట్టి అడిగాడు. "నువ్వు చెప్పవే మంగా. నిలబడిందా, ఆడిందా?"

ఒక్క మాట. ఆడింది అంటే చాలు. చెప్పినందువల్ల నరసమ్మ తిరిగి రాదు. కాని రెల్లులంకలో ఆ దీపం ఎత్తిన చేతులకి, మేము చూశామన్న నిజమైనా దక్కేది. మా ఆయన తలెత్తి నన్ను చూశాడు. మెళ్ళో పూలదండ ఇంకా తియ్యలేదు.

"నేను లోపల పొయ్యి దగ్గరున్నానండీ. చూళ్ళేదు మావయ్యగారూ" అన్నాను.

ఆ ఇంటికి వచ్చిన పదేళ్ళలో ఆయన్ని మావా అనే పిలిచాను.

"ఎప్పట్నించే నేను నీకు గారునయింది?" అన్నాడు.

అంతే. లేచి ఇంట్లోకి వెళ్ళాడు. చూరులో దోపిన తన పాత గెడ తీసుకున్నాడు, ఒక పంచె భుజాన వేసుకున్నాడు. పెరటి రేవులో బోర్లించి ఉన్న చిన్న దోనె తిరగేసి, రెల్లులంక వైపు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు. బతికున్న ఆరేళ్ళూ ఆ లంకలోనే ఉండి, పిలిచినవాళ్ళని దోనె మీద ఏలూరు చేరుస్తూ పోయాడు.

పెద్దదినం నాడు మేమిద్దరం రెల్లులంక వెళ్ళాం. వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారని వెళ్ళాం, అదీ నిజం. అచ్చమ్మ తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని భయపడుతూనే, ఒకవైపు తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. మా ఆయన గుమ్మంలోనే "పిన్నీ" అని ఏడ్చాడు.

అచ్చమ్మ లేచి వచ్చింది. "రండి జోగయ్యగారూ. రండి మంగాయమ్మగారూ" అంది.

చాప పరిచింది. దండెం మీంచి ఉతికిన పంచె ఒకటి తీసి, దులిపి, ఆ చాప మీద జాగ్రత్తగా వేసింది.

"కూచోండి. మా చాప వాసనేస్తుందండీ" అంది.

ఆవిడ గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. పాండురంగారావు తువ్వాలు ఎందుకు పరుచుకున్నాడో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆ పంచె మీద కూచున్నాం. ఆవిడ మంచినీళ్ళిచ్చింది. వాకిట్లో వీర్రాజు వల బాగుచేస్తున్నాడు. మాకేసి చూడలేదు. చూరుకి ఒక లాంతరు వేలాడుతోంది, గాజు పగిలింది. వెళ్ళొస్తామంటే, "జాగ్రత్తండీ, చీకటి పడితే దారి కనపడదు" అంది అచ్చమ్మ. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఎదురుపడినా అండీ తప్ప ఇంకో మాట ఆవిడ నోట మేము వినలేదు.

మా ఆయన కోరుకున్నదంతా జరిగింది. మరుసటి నవమికి భద్రాచలం వేశాం. ఇంకో లాంచీ వచ్చింది. ఇల్లు ఏలూరుకి మార్చాం. రాజేశ్వరమ్మ మనవరాలి పెళ్ళికి మమ్మల్ని పిలిచారు, వెనక పంక్తిలో మర్యాదగా వడ్డించారు. ఆయన పోయేదాకా ఆ శనివారం గురించి మా ఇద్దరి మధ్యా మాట రాలేదు. ఒక్కసారి మాత్రం, జ్వరంలో ఉన్నప్పుడు, "గాలి ఉంది కదూ ఆ రోజు?" అన్నాడు.

"ఉందండీ" అన్నాను.

ఇప్పుడు మా కోడలు కార్తీకం నెల్లాళ్ళూ డాబా మీద ఆకాశదీపం కడుతుంది. సందెవేళ నన్ను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, "దణ్ణం పెట్టుకోండి అత్తయ్యగారూ" అంటుంది. అందరూ పెట్టుకుంటారు. నేను పెట్టను. అది కదులుతోందేమో అని చూస్తూ నిలబడతాను.